డైనమో బెల్టుకు పడవ నూనె

శ్రీకాకుళం,
14-11-1968.

కూర్మయ్య బావకు,

కళింగపట్నం నుంచి ఎడ్లబండికి కట్టి పంపిన నీ స్పోర్ట్సు కారు చూశాను. దాన్ని పాత ఇనుముకు అమ్మవద్దు. డైనమో కాలిపోలేదు. విప్పి విడిగా తిప్పితే దీపం బాగానే వెలిగింది. డైనమోను తిప్పే బెల్టు నూనె పట్టి జారిపోతోంది. బ్యాటరీకి చార్జి ఎక్కనిది అందుకే.

నూనె చూసి నేను ఆలోచిస్తుంటే, బండిలో వచ్చిన దానమ్మ నన్ను పక్కకు పిలిచింది.

"అన్నా, బెల్టు కిర్రుమని ఏడుస్తన్నాదని, పడవ కప్పీకి ఏసినట్టు నూనె ఏసినాను. మీ బావకి సెప్పకు, సంపేస్తాడు" అంది.

చెప్పనన్నాను. అయినా రాస్తున్నాను. నువ్వు ముచ్చటపడి కొన్న కారును తానే పాడుచేశానని చెల్లెలు సరిగా అన్నం తినడం లేదు. కారు బాగైందని చెప్పినా ముద్ద దిగలేదు.

కొత్త బెల్టు వేసి బిగించాను. బ్యాటరీకి చార్జి ఎక్కుతోంది. ఈ ఉత్తరం బండి తోలుకొచ్చిన సోములు చేత పంపుతున్నాను. ఎల్లుండి దానమ్మను పక్కన కూర్చోబెట్టుకుని కారు నేనే తోలుకొస్తాను. రాగానే నువ్వు బానెట్టు ఎత్తకు. ముందు దాన్ని అన్నం తిన్నావా అని అడుగు.

నీ బావమరిది