చేతికి అంటని సున్నం

బాపూ,

పోలీసు చర్య జరిగిన ఏడు నువ్వు పోయావు. అప్పుడు మన పటాన్‌చెరు నుంచి పట్నం వెళ్తుంటే దారంతా జొన్నచేలే. ఇప్పుడు సనత్‌నగర్ దగ్గర పొగగొట్టాలు లేస్తున్నాయి. వాటినే బొమ్మ వేశాను. చెక్కపలక మీద గోనెపట్టా అతికించి, సున్నం పూసి, ఎర్రమట్టి జాజు, కొలిమి మసి, రేకుముక్కలతో ఊరంతా నిలబెట్టాను. నిన్న పట్నంలో ప్రదర్శనకు పెట్టారు.

గోడకు నేను వేసిన సున్నం నీ అరచేతికి అంటిందంటే, మొత్తం గీకించి మళ్లీ వేయించేవాడివి. ఎన్నిసార్లు ఏడ్చానో!

నిన్న పెద్దమనుషులంతా దూరం నుంచే మెచ్చుకున్నారు. మిల్లులో పనిచేసే ఒక ముసలాయన మాత్రం నేరుగా వచ్చి నా బొమ్మను అరచేత్తో గట్టిగా రుద్దాడు. "ముట్టుకోవద్దు!" అని నిర్వాహకుడు అరిచాడు. ఆయన వినిపించుకోలేదు. అరచెయ్యి తిప్పి వెలుతురులో చూసుకున్నాడు, అచ్చం నీలాగే.

"జెర గూడ అంటలే. తుమ్మబంక కలిపినవా?"

"కలిపిన."

"ఎవలు నేర్పిన్రు?"

"మా బాపు. పటాన్‌చెరుల గోడలకు సున్నం ఏసేటోడు."

హాలంతా వినబడేటట్టు చెప్పాను, బాపూ.