తలుపుకు బొట్టు

మీ ఇంటి వసారా,
సోమవారం

పెద్దమ్మకి హేమ నమస్కారాలు.

మీరొచ్చేదాకా చూసుకోమని నాకప్పజెప్పిన ఇల్లు క్షేమం, గేదె క్షేమం, నేనే అంతంతమాత్రం. తునిలో పురుడు పోసుకున్న అశ్విని అక్కా, నీ మనవరాలూ బాగున్నారని తలుస్తాను.

నాన్న నా ఫోను నిడదవోలు కొట్లో గల్లాపెట్టెలో పడేసి తాళం వేశారు కదా, అందుకే ఈ ఉత్తరం. పరీక్ష పాసయ్యేదాకా ఇవ్వరట. పాసైతే రాజమండ్రిలో స్కూలువాళ్ళు ఫ్రెంచి టీచరుగా తీసుకుంటారు. ఈసారి కూడా పోతే ఫోను బదులు ఆ పురుగుమందుల కొట్లో కుర్చీ ఇస్తారట. ఇక జీవితాంతం తెల్లదోమ గురించి మాట్లాడుతూ కూర్చోవాలి. తలుచుకుంటేనే అన్నం సయించట్లేదు.

రాతపరీక్ష ఎప్పుడో గట్టెక్కాను. మాటల పరీక్షలోనే పోయాను. ఎందుకో నీకు చెప్పలేదు, సిగ్గేసి. ఫ్రెంచిలో ప్రతి వస్తువూ ఆడదో మగదో అయి తీరాలి పెద్దమ్మా. మనలా 'అది' అనేసి ఊరుకోవడానికి లేదు. బల్ల ఆడది, మంచం మగది. టీవీ ఆడది, ఫ్రిజ్జు మగది. ఎందుకూ అంటే ఎవరూ చెప్పలేరు. చీర మగదట! మీసం ఆడదట! కిందటిసారి తలుపు గురించి అడిగితే దాన్ని మగవాణ్ణి చేసేశాను. ఆ కంగారులో గదిలో ఉన్నవన్నీ తారుమారు చేశాను.

"కళ్ళతో చదివితే ఎక్కదమ్మా, చేత్తో తాకి చెప్పు" అన్నారు మా ఫ్రెంచి టీచరు రూబీ మేడం. అందుకని ఇంట్లో ఆడ వస్తువులన్నిటికీ బొట్టు పెడుతున్నాను. మగవాటిని వదిలేస్తున్నాను. నీ కుంకుమ భరిణె తీశాను, కోప్పడకు.

ఇట్లు,
నిద్రపట్టని
హేమ

తా.క.: భరిణె కూడా ఆడదే. చూసుకునే పెట్టాను.

*

తుని,
గురువారం

చి. హేమకి పెద్దమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. మీ పెదనాన్న పైకి చదువుతుంటే పాపకి నలుగు పెడుతూ విన్నాను. మీసం దగ్గరికి వచ్చేసరికి ఆయన గొంతు ఆగిపోయింది. మళ్ళీ చదవమంటే కళ్ళజోడు కనిపించట్లేదన్నారు. అది ఆయన ముక్కు మీదే ఉంది.

బల్లకీ టీవీకీ బొట్టు పెడితే తప్పేముందిలే. దసరాకి ట్రాక్టరుకీ కత్తిపీటకీ పెట్టుకునేవాళ్ళమేగా. కాని నాకెందుకో గుండెల్లో దడగానే ఉంది. గోడ అవతల సంపూర్ణమ్మ ఊరుకునే మనిషి కాదు. నిన్న ఫోను చేసి, "ఏం వదినా, హేమకి గాలీ గట్రా ఏం సోకలేదు కదా?" అంది. చదువుకుంటోందమ్మా అన్నాను. "చదువుకునేవాళ్ళు ఫ్రిజ్జుని పట్టుకుని ఏడుస్తారా?" అంది. నేనేం చెప్పను?

ఏడవకే తల్లీ. వేళకి తిను. అన్నం ఆడదైనా మగదైనా తిను. తడిచెయ్యి ఆవకాయ జాడీలో పెట్టకు. బొట్లు పెడితే ఇంట్లో పెట్టుకో, గుమ్మం దాటకు.

ఇట్లు,
మీ పెద్దమ్మ
రత్నమాణిక్యం

తా.క.: మీ పెదనాన్న ఇంకా అద్దం ముందే ఉన్నారు. గడ్డమైనా మగదేనా, కనుక్కుని రాయమంటున్నారు.

*

మీ ఇంటి వసారా,
ఆదివారం

పెద్దమ్మకి హేమ నమస్కారాలు.

నీ ఉత్తరం శనివారం అందింది. ఒక్కరోజు ముందు అందినా బాగుండేది. గుమ్మం దాటేశాను.

ఏం చెయ్యను? ఇంట్లో వస్తువులన్నీ వచ్చేశాయి, ఒక్క తలుపు తప్ప. పొద్దున ఆడది అంటాను, సాయంత్రానికి మగది అయి కూర్చుంటుంది. కిందటిసారి నన్ను ముంచింది అదే కదా, దాన్ని చూస్తేనే చెమటలు పడుతున్నాయి. ఒక్క తలుపు చాలదనిపించింది. శుక్రవారం పొద్దున్నే వీధంతా వ్యాన్లెక్కి తణుకులో పెళ్ళికి వెళ్ళారు. అందరి ఇళ్ళకీ తాళాలు. ఇదే అదను అనుకుని భరిణె పట్టుకుని బయల్దేరాను. ఈ చివర నుంచి ఆ చివరిదాకా ప్రతి తలుపుకీ తాళం పక్కన బొట్టు పెట్టి, "లా పోర్త్, లా పోర్త్" అనుకుంటూ నడిచాను. 'పోర్త్' అంటే తలుపు, ముందు 'లా' వస్తే ఆడదని గుర్తు. వీధి చివరికి వెళ్ళేసరికి తలుపు ఆడది అయిపోయింది పెద్దమ్మా! ఇక మారదు.

మీ వీధివాళ్ళు ఎంత మంచివాళ్ళో. నా పరీక్ష గురించి ఎంత ఆరా తీస్తున్నారో. పెళ్ళి నుంచి రాగానే సంపూర్ణమ్మ గారు గోడ మీంచి "ఎప్పుడమ్మా?" అన్నారు.

"వచ్చే ఆదివారమండి."

"ఇంత తొందరగానా! ఎవరికి?"

"నాకేనండి."

"అవతలివాళ్ళు ఎక్కడివాళ్ళు?"

"ఫ్రెంచివాళ్ళండి."

ఆవిడ పైటతో కళ్ళొత్తుకుని, "మీ నాన్న ఒప్పుకున్నాడా?" అన్నారు. "ఇదే ఆఖరిసారి అన్నారండి" అన్నాను. పాపం, ఆవిడ గబగబా ఇంట్లోకి వెళ్ళిపోయారు.

ఇట్లు,
కొంచెం ధైర్యం వచ్చిన
హేమ

తా.క.: పెదనాన్నకి నెమ్మదిగా చెప్పు, గడ్డం కూడా ఆడదే.

ఇంకో తా.క.: వంటల అమ్మిరాజు గారు వచ్చి పెరడంతా కొలుచుకుని వెళ్ళారు. నువ్వేమైనా చెప్పావా?

*

తుని,
బుధవారం

ఒసే హేమా,

ఆశీస్సులు తర్వాత చెప్తాను. ముందు నువ్వు కూర్చో.

తాళం వేసున్న ఇంటి తలుపుకి బొట్టు పెట్టడమంటే ఏంటో నీకు తెలీదుటే? పేరంటానికో పెళ్ళికో పిలవడానికి వెళ్ళినప్పుడు ఇంట్లో ఎవరూ లేకపోతే, "మేమొచ్చాం, పిలిచాం, మీరు తప్పకుండా రావాలి" అని తలుపుకి బొట్టు పెట్టి వస్తాం. నువ్వు వీధి వీధంతా పిలిచేశావు! దానికి తోడు ఆదివారం అన్నావు, నాకే అన్నావు, ఫ్రెంచివాళ్ళు అన్నావు. నీకు ఎవరో ఫ్రెంచి దొరబాబుతో నిశ్చితార్థమని ఊరంతా కోడై కూస్తోంది. సంపూర్ణమ్మ నాకు ఫోను చేసి, "నీ చేతుల మీద పెరిగిన పిల్లకి చేస్తూ మాకు ఒక్క ముక్క చెప్పలేదేం వదినా" అని ఏడ్చింది.

వెళ్ళి తుడిచేద్దామని మాత్రం అనుకోకు. గడపగడపకీ వెళ్ళి కుంకుమ తుడవడమంత అశుభం ఇంకోటి లేదు. పిలిచి, తూచ్ అనడం మన ఇంటావంటా లేదు. పసిదాన్ని వదిలి నేను కదల్లేను కాబట్టి మీ పెదనాన్నని పంపుతున్నాను. ఈ ఉత్తరం కూడా ఆయన చేతే పంపుతున్నాను. ఆదివారం సాయంత్రం భోజనాలు పెట్టేద్దాం. ఎవరడిగినా మనవరాలు పుట్టిందని పెడుతున్నామని చెప్పండి. ఇద్దరూ ఒకే మాట మీద ఉండండి.

నువ్వు మాత్రం పొద్దున్నే రాజమండ్రి వెళ్ళి పరీక్ష రాసి రా. బూరెల గురించి ఆలోచించావంటే ఊరుకోను.

ఇట్లు,
దడదడలాడుతున్న
మీ పెద్దమ్మ

తా.క.: మీ నాన్నకి తెలిసిపోయింది. కొట్టుకొచ్చిన రైతెవరో శుభాకాంక్షలు చెప్పాడట. ఆదివారం వస్తున్నాడు.

ఇంకో తా.క.: భరిణె ఎలాగూ ఖాళీ అయిపోయుంటుంది. కుంకుమ పొట్లం పంపుతున్నాను. పరీక్షకి వెళ్ళేటప్పుడు పెట్టుకో. నీ నొసటన. నొసటన మాత్రమే.

*

మీ ఇంటి వసారా,
సోమవారం

పెద్దమ్మకి హేమ నమస్కారాలు.

ఫోను చేతికొచ్చింది. అయినా ఉత్తరమే రాస్తున్నాను. ఫోన్లో అయితే మధ్యలో అరుస్తావు.

పరీక్ష చేసే ఆవిడ పుదుచ్చేరి నుంచి వచ్చిన ఫ్రెంచావిడ, క్లేర్ మేడం. గదిలో ఉన్న వస్తువుల గురించి చెప్పమన్నారు. అంతే, నా బుర్ర కడిగిన పళ్ళెం అయిపోయింది. కొట్లో కుర్చీ కళ్ళముందు కనిపించింది. అది ఆడదో మగదో కూడా గుర్తు రాలేదు.

చెయ్యి దానంతటదే సంచిలోకి వెళ్ళింది. నువ్వు పంపిన పొట్లం తగిలింది. లేచి వెళ్ళి తలుపుకి బొట్టు పెట్టాను. "లా పోర్త్!" అని నోట్లోంచి వచ్చేసింది. ఇక ఆగలేదు పెద్దమ్మా. బల్లకి పెట్టాను, కుర్చీకి పెట్టాను, కిటికీకి పెట్టాను. ఫ్యాను మగది, వదిలేశాను. గోడ మగది, వదిలేశాను. ఒక్కోదాని గురించి గడగడా చెప్పుకుంటూ వెళ్తుంటే, ఆవిడ కలం పట్టుకుని నా వెనకాలే తిరిగారు. అన్నీ అయ్యాక నా ఎదురుగా నిలబడి తన నుదురు చూపించారు. పెట్టాను. బొట్టు పెట్టాక నోరు ఊరుకోదు కదా, "మా ఇంటికి భోజనానికి రండి" అనేశాను, ఫ్రెంచిలోనే.

ఆవిడ మార్కులు వేసి, కవరు అంటించి, ఆఫీసులో ఇచ్చి వచ్చి, "ఎన్నింటికి?" అన్నారు.

ఆవిడ కార్లో వచ్చి దిగేసరికి వీధంతా శామియానా కింద ఉంది. "అత్తగారొచ్చిందర్రా!" అని సంపూర్ణమ్మ గారు కేక పెట్టారు. చెంబుతో నీళ్ళు తెచ్చి ఆవిడ కాళ్ళు కడిగేశారు. గేటు దగ్గర పెదనాన్న "మనవరాలు పుట్టిందండీ, మనవరాలు పుట్టిందండీ" అని అరుస్తూనే ఉన్నారు. "శుభం, రెండూ ఒకేసారి కలిసొచ్చాయి" అని అందరూ బూరెలు తింటూనే ఉన్నారు. నాన్న శామియానా కర్ర పట్టుకుని, నా వంక చూడకుండా నిలబడ్డారు.

క్లేర్ మేడం పనసపొట్టు కూర మారు వేయించుకుని తిన్నారు. ఆ తర్వాత ఆడవాళ్ళు ఆవిణ్ణి పీట మీద కూర్చోబెట్టి, చీర, జాకెట్టు ముక్క, తాంబూలం చేతిలో పెట్టారు. సంపూర్ణమ్మ గారు నడుం మీద చెయ్యేసుకుని, "హేమా, ఆవిణ్ణడుగు. మా పిల్ల నచ్చిందో లేదో ఇప్పుడే చెప్పమను. రేపూ మాపూ అంటే కుదరదు" అన్నారు.

అమ్మిరాజు గారు గరిటె పట్టుకునే ఆగిపోయారు. నేను అడిగాను పెద్దమ్మా. కాని ఆ ప్రశ్న కాదు. పొద్దుట్నుంచీ నా గుండెని నలిపేస్తున్న ప్రశ్న అడిగాను. "నేను పాసయ్యానా?" అని.

ఆవిడ నవ్వి, "వీ" అని తలూపారు. "వీ" అంటే అవునని.

తల ఊపడానికి తర్జుమా ఎందుకు? వీధంతా చప్పట్లు. ఎవరో మంగళహారతి ఎత్తుకున్నారు. నేను ఏడ్చేశాను. అత్తవారింటికి వెళ్ళిపోతున్నాననుకుని సంపూర్ణమ్మ గారు కూడా ఏడ్చారు.

నాన్న మాత్రం కర్ర వదిలి నా దగ్గరికొచ్చి, మెల్లగా "పాసా?" అన్నారు. తలూపాను. జేబులోంచి ఫోను తీసి నా చేతిలో పెట్టారు. పూర్తిగా ఛార్జింగు పెట్టి తెచ్చారు పెద్దమ్మా. నేను పాసవుతానని ఇంట్లోంచి బయల్దేరేటప్పుడే ఆయన అనుకున్నారు. నాకు అదే చాలు.

ఇట్లు,
నిన్న రాత్రి హాయిగా నిద్రపోయిన
హేమ

తా.క.: ఒక్కటే తప్పు చెప్పానట. మాట్లాడినంతసేపూ బొట్టుని ఆడది అన్నాను. "మీ దగ్గర ఎలాగో గాని మాకు బొట్టు మగదే" అన్నారు క్లేర్ మేడం కారెక్కుతూ. నేనది తెలుగులో చెప్పగానే పెదనాన్న మీసం మెలేశారు.

ఇంకో తా.క.: ఊళ్ళోవాళ్ళు ముహూర్తం ఎప్పుడని అడుగుతున్నారు. పిల్లాడి ఫొటో చూపించమని వాళ్ళు పట్టుబడితే నిన్ననే క్లేర్ మేడంని కొడుకులున్నారా అని అడిగాను. ఆవిడకి కొడుకుల్లేరట, ముగ్గురూ కూతుళ్ళేనట. ఈ సంగతి నేను చెప్పలేను. నువ్వే వచ్చి చెప్పు, తొందరగా.