సెలవురోజు మంచు

శనివారం, పటాన్‌చెరు

రేపు మా ఆయనకు వారపు సెలవు. నేను మాల్‌లో బౌలింగు ఆటకు వెళ్దామన్నాను, పాప మంచు పార్కు అంటోంది. వారమంతా మందుల ఫ్యాక్టరీ చల్లగదిలో పెట్టెలు మోసే మనిషిని రేపు కూడా మంచులోకే తీసుకుపోవాలా?

"డాడీ, నీకు చలి అలవాటే గదా!" అంది పాప.

"అవ్ బిడ్డా, నాకు టికెట్ లేకుండనే రోజూ మంచు పార్కు," అని నవ్వారు. ఆ నవ్వు నిజమో కాదో నాకు తేలలేదు.

అంతలో డ్యూటీ బ్యాగులోంచి తన మందపాటి గ్లౌజులు తీసి పాపకు తొడిగారు. మోచేతుల దాకా వచ్చాయి. "ఆడ ఇచ్చేటియి పల్చగుంటయ్. నీ వేళ్లు కొంకర్లు పోతయ్."

బౌలింగు మాట ఇక ఎత్తలేకపోయాను.

ఇప్పుడు, ఈ ఎండాకాలంలో కూడా, ఆయన చేతులు చంకల్లో పెట్టుకుని నిద్రపోతున్నారు. పొద్దున్నే పాపకు మంచు పార్కు వద్దని చెప్పాలి. ఎలా చెప్పను...