కరెంటు పెట్టె దగ్గర మగ్గం మోత

అక్కకు, తమ్ముడు మునిరత్నం దండం పెట్టి రాస్తున్నది.

నేను ఇక్కడ బాగానే ఉన్నాను. నాయన మోకాళ్ళ నొప్పి ఎట్లా ఉంది? నీ దగ్గు తగ్గిందా? మేనకోడలు సుజాత వేళకు తింటున్నదా? ఫోన్ చేయకుండా ఉత్తరం రాశాడేమిటని అనుకుంటావు. ఫోన్ చేస్తే నాయనకు వినపడాలని నువ్వూ నేనూ అరుస్తాం, నగరిలో మన వీధంతా వింటుంది. ఇది వీధికి చెప్పుకునే మాట కాదు.

చంద్రగిరి దాటినాక, మామిడితోట కొట్టేసి చదును చేసిన చోట నా పని. తిరుమలకు వచ్చేవాళ్ళు కొందరు మంచం, వంటగది, ఏసీ అన్నీ ఉన్న పెద్ద బండ్లలో వస్తారు. ఆ బండ్లు మా దగ్గర నిలిపి, కొండకు బస్సులో పోయి వస్తారు. బండి నిలిచే ప్రతిచోటా ఒక కరెంటు పెట్టె ఉంటుంది. బండి వైరు అందులో బిగించడం, ఏసీ నడిచేటప్పుడు గీజరు వేయొద్దని చెప్పడం నా పని. ఎవరు వింటారు? గుండు గీయించుకుని ఎండలో దిగొచ్చిన వాళ్ళకు చల్లగాలీ కావాలి, వేడినీళ్ళూ కావాలి. స్విచ్చి పడిపోతే నన్ను తిడతారు. తిట్లకేముందిలే, మగ్గాల షెడ్డులో మేస్త్రీ చేత తిట్లు తిని పెరిగినవాణ్ణే కదా.

ఎండ మండిపోతోంది. మెస్సులో చారు ఉత్త నీళ్ళు. సాయంత్రమైతే బండ్ల ముందు కుర్చీలేసుకుని కుటుంబాలన్నీ కూర్చుంటాయి. నాతో మాట్లాడేవాళ్ళు ఒక్కరూ లేరు. అయినా బాగానే ఉన్నాను, దిగులు పడొద్దు. ఎవరైనా ఇటు వస్తుంటే కాస్త చెనిక్కాయల పొడి పంపు.

ఇక అసలు సంగతి. మన మరమగ్గాలు పాత ఇనుముకు వేసేసినా, వాటి మోత నా చెవులను వదల్లేదు. పడుకున్నా లేచినా గుయ్యిమంటూనే ఉంటుంది. మన వీధిలో అందరికీ ఉండేదే కదా అని నీకెప్పుడూ చెప్పలేదు. పోయిన వారం ఒక పెట్టె పక్కన కూర్చుని గడ్డి పీకుతున్నాను. అందులో ప్లగ్గు వదులై చిటపటమంటోందట. నాకూ ఏదో మోత వినపడింది. నా చెవుల్లో రోజూ ఉండేదే అనుకున్నాను. బండిలోంచి మదనపల్లె పెద్దావిడ దిగొచ్చి నా భుజం పట్టుకుని ఊపింది.

"ఏమప్పా, అంత సేపట్నుంచి అది సిటపటలాడతా పొగ లేస్తా ఉంటే, పక్కనే కూసోని ఏం సేస్తా ఉండావు?"

పరుగెత్తి మెయిన్ ఆపేశాను. పెట్టె కరిగిపోయింది. బండి లోపల ఆమె మనవరాలు, పసిబిడ్డ, నిద్రపోతోంది. ఏడుకొండలవాడి దయ, ఎవరికీ ఏమీ కాలేదు.

మరునాడు నీళ్ళు పడుతూ ఊరికే వెనక్కి తిరిగితే మేనేజరు నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చారు సార్ అన్నాను.

"ఇంత సేపూ నీ ఎనకే నిలబడి పిలస్తా ఉండానప్పా. నీకు ఇనపడ్లేదు. కరెంటుతో పని ఇది. రేపు ఎవురికన్నా ఏమన్నా అయితే నేనేం జవాబు సెప్పాల?"

కోపంగా కూడా అనలేదు. కోపంగా అని ఉంటే తట్టుకునేవాణ్ణి. నెలాఖరు దాకా బాత్రూములు కడగమన్నాడు. తర్వాత వేరే చోటు చూసుకోవాలట.

బావ పోయినప్పుడు నీకు మాటిచ్చాను, సుజాతను షెడ్డు గడప తొక్కనీయను, కాలేజీకి పంపుతానని. ఈ ఒక్క ఏడాది పరాయి షెడ్డులో మగ్గం నడపనీ, నేను నిలదొక్కుకుంటానని మళ్ళీ నేనే అన్నాను. ఆ మాట ఇప్పుడు ఎట్లా నిలబెట్టుకోవాలో తెలియడం లేదు. చెవిటివాడికి ఈ పని ఇంకెవరిస్తారు? ఏడవొద్దు. నేను బాగానే ఉన్నాను.

ఒక్క పని చెయ్యి. సుజాత షెడ్డు నుంచి వచ్చి అన్నం తినేటప్పుడు, దానికి తెలియకుండా వెనక నిలబడి, మెల్లగా పేరు పెట్టి పిలువు. తిరిగి చూస్తే రేపటి నుంచే షెడ్డు మాన్పించు, గంజి తాగైనా బతుకుదాం. చూడకపోతే ఆ సంగతి నాకు రాయొద్దు.

నాయనకు, వీధిలో పెద్దవాళ్ళకు నా దండాలు చెప్పు. నీ చల్లని మాట కోరుకునే

తమ్ముడు,
మునిరత్నం