పధ్నాలుగో ట్యూబు

జనవరి 12

కంట్రోల్ శాంపిళ్ళ ఫలితాలొచ్చాయి. జబ్బున్నవాళ్ళ రక్తంతో పోల్చి చూడటానికి జబ్బు లేనివాళ్ళ రక్తం కావాలి. బయట వెతికే ఓపిక ఎవరికుంది? ఎప్పటిలాగే మా అంతస్తు ఆడవాళ్ళమే చేతులు చాపి ఇచ్చేశాం. పేర్లు చెరిపేసి నంబర్లు వేశారు.

పధ్నాలుగో నంబరులో మ్యుటేషన్ ఉంది. మళ్ళీ మళ్ళీ చూశాను. ఉంది.

జనవరి 13

మరో రకమైతే ఎవరిదో తెలిసేది కాదు. ఇది ఐస్‌లాండ్ వాళ్ళది. బీఆర్‌సీఏ2 జన్యువులో అయిదక్షరాలు ఎగిరిపోయి, ఆ లోపం తరతరాలుగా వస్తోంది. ఇది ఉన్న ఆడమనిషికి రొమ్ము క్యాన్సర్ ముప్పు చాలా ఎక్కువ. ముందే తెలిస్తే తప్పించుకునే దారులున్నాయి.

మా అంతస్తులో ఐస్‌లాండ్ మూలాలున్నది థోర్డిస్ ఒక్కతే. ఐస్‌లాండ్ నుంచి వలసొచ్చినవాళ్ళ ఊరు గిమ్లీ, ఆ ఊరి పిల్ల. పదేళ్ళుగా నా పక్క బల్ల. పేరు చెరిపి ఏం లాభం, రక్తమే ఊరు చెబుతుంటే?

జనవరి 16

మా స్టడీ నడిపే డాక్టర్ పెల్టియేకి చెప్పాను, ఎవరిదన్నది మాత్రం చెప్పలేదు. ఆయన లేచి తలుపు మూశాడు. నాద్యా, నీకు మతిపోయిందా అన్నాడు. ఫలితాలు ఎవరికీ చెప్పబోమని రాసిచ్చి మరీ రక్తం తీసుకున్నాం, వాళ్ళూ సంతకాలు పెట్టారు, ఇప్పుడు ఒక్కరికి చెబితే స్టడీ మొత్తం మూతబడుతుంది, నాలుగు వేలమంది రక్తం మురిక్కాలవలో పోసినట్టే అన్నాడు.

ఆయన అన్నది తప్పు కాదు. అదే నా ఏడుపు.

ఆ ఒక్కరికి చెప్పనివ్వమని ఎథిక్స్ కమిటీకి రాశాను.

జనవరి 27

మైనస్ ముప్ఫై ఎనిమిది. నా కారు కదల్లేదు. థోర్డిస్ వచ్చి ఎక్కించుకుంది. ఈ చలికి దెయ్యాలు కూడా ఫ్లోరిడా పోయాయే, విన్నిపెగ్‌లో మనమే మిగిలాం అంది. నవ్వలేకపోయాను. ఏంటే, ఆముదం తాగినట్టు ఆ మొహం అంది.

ఫిబ్రవరి 3

కమిటీ కాదంది.

ఫిబ్రవరి 4

లంచ్‌లో మామోగ్రామ్ మాటెత్తాను. నీ వయసుకి ఒకసారి చేయించుకుంటే మంచిదటే అన్నాను, ఎక్కడో చదివినట్టు. థోర్డిస్ శాండ్‌విచ్ నములుతూ, పొద్దస్తమానం అవేగా నీకు, తిండి దగ్గర కూడా అవేనా, నీకంటే మగాళ్ళు నయమే అంది. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత కోల్డ్ రూములోకి వెళ్ళి ఏడ్చాను. అక్కడైతే ముక్కు ఎర్రబడినా ఎవరూ అడగరు.

ఫిబ్రవరి 19

మింగలేను, కక్కలేను. పొద్దున లేవగానే ఉద్యోగం పోతే పోనీ అనుకుంటాను. ల్యాబ్‌లో అడుగుపెట్టేసరికి ఆ నాలుగు వేలమంది గుర్తొస్తారు. కీమోకి జుట్టు రాలిపోయి, తలకి రుమాలు కట్టుకుని వచ్చి రక్తమిచ్చినవాళ్ళున్నారు వాళ్ళలో. సాయంత్రమయ్యేసరికి మళ్ళీ థోర్డిస్. దేవుడా, ఇది నా కళ్ళబడకపోతే నీ సొమ్మేం పోయేది!

మార్చి 6

చెప్పేశాను.

పార్కింగ్‌లో, ఆమె కారులో. హీటర్ మోతలో సగం మాటలు నాకే వినపడలేదు. పెల్టియే, కమిటీ, పధ్నాలుగో ట్యూబు, అంతా కక్కేశాను. తిట్టు, కేసు పెట్టు, నీ ఇష్టం, కానీ టెస్టు చేయించుకోవే తల్లీ అన్నాను.

థోర్డిస్ హీటర్ తగ్గించింది. తర్వాత ఒకటే నవ్వు. పిచ్చిమొహమా, మా అమ్మ పోయినప్పుడే టెస్టు చేయించుకున్నానే, రెండూ తీయించేసుకుని పన్నెండేళ్ళయింది, ఇవి సిలికాన్ అంది. ఇన్నేళ్ళూ నాకెందుకు చెప్పలేదే అన్నాను. చెబితే నన్ను కూడా ఒక కేసులా చూస్తావని అంది. కోపమొచ్చింది, కానీ గుండెల మీంచి బండ దిగింది. ఆమెని పట్టుకుని నేనూ నవ్వాను.

నవ్వు ముందు ఆపింది తనే. నాకు ఇది ఉందని తెలిసి కంట్రోల్ రక్తం ఎలా ఇస్తానే అంది. ఆ రోజు నర్సు చెవిలో సంగతి చెప్పి, ఉత్త దూది అంటించుకుని బయటికొచ్చేసిందట.

అంటే ఆ ట్యూబు ఇంకెవరిదో.

ఆ రోజు నువ్వూ ఇచ్చావుగా, మీ అమ్మవైపు వాళ్ళది ఏ ఊరే అని మెల్లగా అడిగింది. ఆర్బోర్గ్ అన్నాను. కానీ మేం యుక్రేనియన్లం, ఐస్‌లాండ్ వాళ్ళ పొలాలు వేరు, మావి వేరు, మధ్యలో కంచె ఉండేది అన్నాను.

కంచెలు పశువులకే, మనుషులు ఆగుతారా అంది.

మార్చి 10

క్లినిక్‌లో రక్తమిచ్చాను. ఈసారి ట్యూబు మీద నా పేరు రాశారు.

మార్చి 22

అమ్మకి ఫోన్ చేశాను. వాతావరణం గురించి మాట్లాడి పెట్టేశాను.

ఏప్రిల్ 2

కౌన్సెలర్ చిన్నపిల్ల. ఫలితం వచ్చింది, తెలుసుకోవాలనుందా అని అడిగింది. అలా అడగాలని రూలు. అడుగుతూనే టిష్యూల పెట్టె నా వైపు జరిపింది.

చెప్పొద్దన్నాను.