చేపపిల్ల మెదడు, అమ్మ తాయెత్తు

శ్రావణి అక్కకు,

తమ్ముడి దండాలు. కోరుట్లలో అందరం క్షేమమని మొదలుపెట్టాలి గానీ చెయ్యి రావడం లేదు. సిరిసిల్లలో మగ్గం దగ్గర బాపు బాగానే ఉన్నాడు. ఫోన్ చేస్తే అమ్మ పక్కనే కూర్చుంటుంది, అందుకే ఈ ఉత్తరం.

మళ్ళీ ఎవరితోనైనా కొట్లాడావా అని అడిగావు. బీడీల ఏజెంటుతో ఒకసారి. అతను ఆకు తక్కువ ఇచ్చాడు, నేను మాట ఎక్కువ ఇచ్చాను.

అమ్మ నిద్రపోతోందా అనీ అడిగావు. పక్కింట్లో సిలిండర్ పేలినప్పటి నుంచి గిన్నె పడ్డా ఉలిక్కిపడుతోందని చెప్పాను కదా. ఐలవ్వ పెద్దమ్మ రుద్రంగి నుంచి తాయెత్తు తెచ్చి కట్టాక కాస్త పడుకునేది. నీకు రాయలేదు. మూఢనమ్మకాల మీద కరపత్రాలు పంచేవాడి ఇంట్లో తాయెత్తా అని సిగ్గేసింది.

అంతలో నువ్వు పరిశోధన చేసే ల్యాబ్ నుంచి నీ ఉత్తరం వచ్చింది. జీబ్రా చేపపిల్ల మెదడు వెనుక అటూ ఇటూ కొద్ది కణాలే ఉంటాయనీ, అవి నోరడ్రినలిన్ అనే రసాయనం తయారుచేసి సన్నటి పోగులతో మెదడంతా, వెన్నుదాకా పంపుతాయనీ, మెలకువలో, ఉలికిపాటులో వాటి చెయ్యి ఉందనీ, వాటిని మైక్రోస్కోపులో నీ కళ్లతోనే చూశాననీ, మనుషులకూ అలాంటి చోటుందనీ రాశావు. సభలో ఉపన్యాసంలా అమ్మకు చదివి వినిపించాను. ఆమె ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతూనే అంది:

"గా చేపకు బీడీలు జేసుడున్నదారా? నీ అసొంటి కొడుకున్నడా?"

కోపం నెత్తికెక్కింది. అక్కా, ఇది చెప్పలేకే ఇంతసేపు మాట తిప్పాను. ఆకు కోసే కత్తెరతో ఆమె చేతి తాయెత్తు తెంపి ఇంటి ముందు మురుగు మోరీలో పారేశాను. "భయం మెదడులో ఉన్నది, దారంలో లేదు" అన్నాను.

అప్పటి నుంచి కునుకు లేదు. చుట్టిన బీడీని విప్పి మళ్ళీ చుడుతోంది. జగిత్యాల డాక్టరు ఇచ్చిన మాత్రలు ముట్టదు. ఆ కణాలను ఊరుకోబెట్టడం ఎట్లాగో నా కరపత్రాల్లో ఎక్కడా లేదు.

నిన్న ఐలవ్వను బతిమాలి ఇంకో తాయెత్తు తెచ్చాను. అమ్మ చెయ్యి చాపలేదు.

"నమ్మనోడు గడితే ఏం పనిజేస్తది కొడుకా?"

"మరెవలు కట్టాలె?"

"అక్కను రమ్మనురా. అది గా భయాన్ని కండ్లార సూసింది. ఎంత గట్టిగ కట్టాలెనో దానికే ఎరుక."

నవ్వుతావో, తిడతావో. నీ చేత్తో ఇస్తే మాత్ర కూడా మింగుతుందేమో. శనివారం బస్సెక్కు అక్కా. తాయెత్తు దేవుని గూట్లో పెట్టాను. నేను ముట్టను.

ఇట్లు,
నీ తమ్ముడు
కుమార్