మంద మేసిన తోట

గుండ్లరేవు,
1963 ఏప్రిల్ 12.

నా బంగారు తల్లి యాదలక్ష్మికి, నీ బాపు మల్లప్ప దీవెనలు, ముద్దులు, ఇంకా ఉత్తరంలో ఏమేం పడితే అవన్నీ.

నీ ఉత్తరం అందింది. నకిరేకల్ బడిలో నువ్వు చెప్పిన పాఠం విని పెద్ద పంతులమ్మ మెచ్చుకుందన్న ముక్కను మూడుసార్లు చదివి మీ అమ్మకు వినిపించాను. నాలుగోసారి మొదలుపెడితే "ఇగ చాలు తియ్యి, గొర్లు అరుస్తున్నయి" అని లేచిపోయింది. కృష్ణ ఒడ్డున జాగీర్దారు బంగ్లా తోటను కాపాడాలని నువ్వు పెట్టిన అర్జీకి పట్నం నుంచి జవాబు వచ్చిందంటే ఊరంతా తిరిగి చెప్పాను. మన సైదులు ఊరుకుంటాడా? "నీ బిడ్డ రాసింది తోట గురించి, నీ గురించి గాదు. జర కిందికి దిగు" అన్నాడు. అననీ.

కాని ఆ జవాబులోని ఒక మాట నన్ను కూర్చోనివ్వడం లేదు. వరద కొట్టే జాగా అయితే కాపాడి లాభం లేదు, ఎరువుల గోదాముకే ఇచ్చేస్తామని రాశారట కదా. తనిఖీకి వచ్చే అధికారికి, చెట్లను కొట్టుకపోయిందని నువ్వు అర్జీలో రాసిన ఆ వరద ఎంతదాకా వచ్చిందో చూపించమని నువ్వు నాకు పని చెప్పావు.

ఎట్లా చూపించాలి బిడ్డా? ఆ వరద రాలేదు.

పంతులు తన ఇంటి అరుగు మీద నడిపిన ఖాన్గీ బడిలో నేర్చిన నాలుగు అక్షరాలు ఈ సంగతి రాయడానికి పనికొస్తాయని అనుకోలేదు. నువ్వు హుజూర్‌నగర్‌లో మీ మేనత్త ఇంట ఉండి చదివే రోజులవి. జాగీర్దారు వాళ్లు బంగ్లాకు తాళం వేసి పట్నం పోయి మూడేళ్లయింది. ఆ ఏడు చినుకు లేదు, గడ్డిపరక లేదు. మందలో రోజుకొకటి కూలబడుతోంది. గొర్లను తోలుకొని పోయి తోట వెనక గోడ పడిపోయిన చోట నిలబడ్డాను. లోపల ఏటి చెమ్మకు ఇంకా పచ్చగా ఉంది. మీ అమ్మ కూలికి పోయి పన్నెండేళ్లు కుండతో నీళ్లు పోసిన దానిమ్మలు, గులాబీలు, నీళ్ల హౌజు పక్కన నువ్వు జడలోకి పూలు కోసుకునే బొడ్డుమల్లె. ఒక్క పూట అనుకున్నాను. మూడు రోజులు మేశాయి. ఆ తరువాత ప్రతి ఎండకాలం మేశాయి. ఎరువు కోసం రైతుల పొలాల్లో మంద పెడతాం కదా, అట్లా ఆ తోటలోనే నెలల తరబడి మంద పెట్టాను. దసరా సెలవులకు వచ్చి "బాపూ, నా మల్లెచెట్టేది?" అని నువ్వు అడిగావు. "కృష్ణమ్మ పొంగి కొట్టుకపోయింది బిడ్డా" అన్నాను. నువ్వు కళ్లు తుడుచుకొని ఏటికి దండం పెట్టి, "పోనీ తియ్యి, కృష్ణమ్మ పెట్టుకుంటది" అన్నావు. ఆ మాటను పదకొండేళ్లుగా మింగలేక కక్కలేక ఉన్నాను.

ఇప్పుడు నా అబద్ధం నీ అర్జీలోకి ఎక్కింది. నిజం చెబితే తోటను గొర్లకు మేపినవాణ్ని నేనని తేలుతుంది, చెప్పకపోతే గోదాము లేస్తుంది. నువ్వు ఏమంటే అది చేస్తాను. కోపం వస్తే తిట్టు, తిండి మాత్రం మానకు.

నీ మల్లెచెట్టు దొంగ,
బాపు


గుండ్లరేవు,
1963 జూలై 3.

తోటను గెలిచిన నా చదువుల తల్లికి,

గెలిచావమ్మా! గోదాము రోడ్డు పక్కకు పోయింది, తోట తోటగానే ఉంటుంది! కాగితం వచ్చింది, ముద్ర కూడా ఉంది, నేను వేలు పెట్టి చూశాను. ఇక మొదటి నుంచి చెబుతాను, అక్షరాలు వంకరపోతే సర్దుకో.

"నిజం చెప్పు బాపూ, తోట పోతే పోనీ" అని నువ్వు రాసిన ఒక్క లైను చొక్కా జేబులో పెట్టుకొని పోయాను. అధికారి పేరు అమరేందర్ గారు, మెత్తటి మనిషి. ఊరి పెద్దలందరి ముందు చేతులు కట్టుకొని చెప్పాను. "సారూ, వరద రాలే. గీ తోటను నా గొర్లే మేసినయి. తప్పు నాది, నా బిడ్డది గాదు." సైదులు పకపక నవ్వాడు. "గందుకే నీ పొట్టేళ్లు జాగీర్దారు లెక్క నడుస్తయి!"

అమరేందర్ గారు నవ్వలేదు. "మంద ఎక్కడ పెట్టినవ్ పెద్దాయనా?" అని అడిగి, ముందు నన్ను బంగ్లా గోడ దగ్గరికి తీసుకుపోయారు. గోడ నిండా రావి మొలకలు. వేళ్లు దూరి రాళ్లను చీల్చిపెట్టాయి. తరువాత నేను చూపిన చోట తవ్వించారు. మూరెడు లోతు గొర్ల పెంట. దాని కింద ఏముందనుకున్నావు? రాతి కాలువ తల్లీ! రాయికి రాయి అతుక్కొని, నిన్న పరిచినట్టు! నాలుగు మడులను చుట్టి హౌజులోకి పోయే ఆ పాత కాలువ, ఒక్క బీట లేదు.

"గిదేంది సారూ?" అన్నాను.

"మొలిచిన మొలకనల్ల నీ గొర్లు తిన్నయి. ఒక్క వేరు దిగలే. నువ్వు మంద పెట్టకుంటే గీ కాలువ కూడా గా గోడ లెక్కనే అయిపోతుండె."

"మరి చెట్లు పోయినయి కద సారూ?"

"చెట్లు మళ్ల పెట్టుకుంటం. రెండు వందల ఏండ్ల కింద ఎవరో నీళ్లను గిట్ల నడిపించిండ్రు. గది పోతే మళ్ల రాదు."

ఇన్నేళ్లూ కోటలు, గుళ్లే కాపాడతారనుకున్నాను. నీళ్లు నడిచిన దారిని కూడా కాపాడతారట! అప్పుడు మీ అమ్మ ఎవరినీ అడగకుండా ఏటి నుంచి కుండ తెచ్చి కాలువ మొదట్లో పోసింది. నీళ్లు మెల్లగా కదిలి, మలుపు తిరిగి, హౌజు దాకా వాటంతట అవే పోయాయి. నేను ఏడ్చాను తల్లీ, అందరి ముందే. సైదులు కూడా ముక్కు చీదాడు, జలుబట!

ఇంటికి వచ్చేటప్పుడు మల్లెచెట్టు సంగతి మీ అమ్మకు భయపడుతూ చెప్పాను. "తెల్వదనుకున్నవా?" అంది. "గొర్ల నోట్ల మల్లె వాసన వస్తుంటే ఆనాడే తెలిసింది. గొర్లు సస్తే పిల్ల సదువు ఆగుతుండె. ఊకున్న."

ఇంకో సంగతి. తోటకు కావలి ఉండమని నాకే చెప్పారు. ఊళ్లో ఒకటే నవ్వులు. నిన్న హౌజు పక్కన పాత మోడుకు రెండు ఆకులు వచ్చాయి, బొడ్డుమల్లెవే, మీ అమ్మ వాసన చూసి చెప్పింది. ముళ్లకంప తెచ్చేలోపే మన కొమ్ముల పొట్టేలు గోడ దూకి వచ్చింది. ముసలివాణ్ని, రెండు చేతులూ చాపి అడ్డంగా నిలబడ్డాను. పొట్టేలు నన్ను చూసింది, నేను దాన్ని చూశాను. పదకొండేళ్ల కింద చేయాల్సిన పని, నిన్న చేశాను. అదే వెనక్కి తిరిగింది.

వచ్చే ఎండకాలం సెలవులకు జడ పొడుగ్గా పెంచుకొని రా.

తోట కావలి మల్లప్ప,
నీ బాపు